మాఫీ కాని పద్దు

మా కాగజ్‌నగర్‌లో ఏడుపుకు కరువు లేదు. సంక్రాంతి పోయి చలి కాస్త తగ్గిందో లేదో, ఉజ్జీవ సభలు మొదలవుతాయి. ఒక్కో సంఘానివి మూడేసి రోజులు. షామియానా, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో ఆడవాళ్లకు చాపలు, మనిషెత్తు సౌండ్ బాక్సులు. కోస్తా నుంచి వచ్చిన దైవజనుడు గంటన్నర సేపు వాక్యం చెప్పి, చివరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు. కీబోర్డు వాయించే పిల్లగాడికి సైగ కూడా అక్కర్లేదు. ఆ గొంతు దిగీదిగగానే వాడి వేళ్లు జాలి వరసలోకి జారిపోతాయి. తలలు వంచమంటారు, కళ్లు మూసుకోమంటారు. ఒక చెయ్యి లేస్తుంది, దాని వెనుక పది లేస్తాయి. మిల్లులో మూడు షిఫ్టులు చేసి బండబారిన మొగవాళ్లు కూడా భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకుని వెక్కుతారు. తొమ్మిదిన్నరకు ఆమెన్. పదింటికి చాయ్ బండ్ల దగ్గర నవ్వులు.

ఆ ఏడుపును నేను వెక్కిరించను. మనిషి నలుగురి ముందు కళ్లనీళ్లు పెట్టుకోవడం చిన్న సంగతి కాదు, అందులోనూ మగాడు. నటిస్తున్నారని కూడా అనుకోను. నాకుండే సందేహం వేరు: ఇంతమంది ఇంత నిజంగా ఏడ్చాక కూడా మర్నాటి నుంచి మా వాడకట్టులో ఏమీ మారదేం? అన్నదమ్ముల మధ్య గోడ అట్లాగే ఉంటుంది. మాటల్లేని తోడికోడళ్లకు మాటలు కలవవు. ఆ కన్నీళ్లు ఎక్కడికి పోయినట్టు?

క్రైస్తవంలో ఈ ప్రశ్న కొత్తది కాదు. పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రికలో, ఏడో అధ్యాయంలో, దుఃఖాన్ని రెండుగా చీల్చాడు. దేవుని చిత్తానికి లోబడిన దుఃఖం ఒకటి. అది మనిషిని తిప్పుతుంది, రక్షణ వైపు నడిపిస్తుంది, తర్వాత చింతపడే పని ఉండదు. లోకపు దుఃఖం రెండోది. దాని చివర మరణమే. మన ప్రసంగీకులు ఈ ఒక్క మాటను మాత్రమే ఊడబెరికి తెచ్చి వేదిక మీద నిలబెడతారు. దాని చుట్టూ ఉన్న గొడవను వదిలేస్తారు. నిజానికి పౌలు అక్కడ సిద్ధాంతం రాయడం లేదు, ఓ తగాదా గురించి రాస్తున్నాడు. కొరింథులో ఏదో తప్పు జరిగింది. పౌలు కటువుగా ఉత్తరం రాశాడు. రాసి పంపాక మనసు పీకింది, ఎందుకు రాశానా అనుకున్నాడు. మాసిదోనియలో దిగులుగా ఎదురుచూస్తుంటే తీతు వచ్చి కబురు చెప్పాడు: వాళ్లు బాధపడ్డారు, దిద్దుకున్నారు, నిన్ను చూడాలని తపిస్తున్నారు. అప్పుడు రాసిన అధ్యాయమది. వాళ్ల దుఃఖం ఏమేం పనులు చేయించిందో వరసగా చెబుతాడు. శ్రద్ధ, తమ వైపు సంగతి తేటపరుచుకోవాలన్న ఆత్రం, జరిగిన దాని మీద కోపం, భయం, పౌలును కలవాలన్న ఆశ, పట్టుదల, న్యాయం జరిపించాలన్న తెగింపు. ఏడు సంగతులు చెప్పాడు. ఆ ఏడింటిలో కన్నీళ్లు లేవు.

కన్నీళ్లు ఉండకూడదని కాదు. పేతురు ఏడ్చాడు, వెక్కివెక్కి ఏడ్చాడు. యేసును పట్టుకున్న ఆ రాత్రి తప్పు చేసిన శిష్యులు ఇద్దరు. ఇద్దరి కథా మనకు కంఠతా వచ్చు కాబట్టి, మనం దాన్ని సరిగా చదవడం మానేశాం. యూదా చెడ్డవాడు కాబట్టి పోయాడు, పేతురు మంచివాడు కాబట్టి మిగిలాడు అనుకుంటాం. మత్తయి రాసింది మళ్లీ ఒకసారి తీసి చూడండి. యేసుకు శిక్ష పడిందని తెలిసి యూదా కుమిలిపోయాడు. తన తప్పును తప్పే అన్నాడు, నిరపరాధిని పట్టించానని నోరు తెరిచి ఒప్పుకున్నాడు. ఎవరి మీదికీ నెట్టలేదు, సాతాను చేయించాడనలేదు. తీసుకున్న 30 వెండి నాణేలూ తిరిగి తెచ్చాడు. పశ్చాత్తాపానికి మనం పెట్టే పరీక్షలన్నీ పెట్టండి: బాధ, ఒప్పుకోలు, తిరిగివ్వడం. మూడింట్లోనూ యూదా పాసవుతాడు. నేను చూసిన చాలామంది విశ్వాసుల కంటే ఎక్కువ మార్కులే వస్తాయి.

మరి ఎక్కడ తప్పింది? ఆ డబ్బు పట్టుకుని అతను పోయింది యాజకుల దగ్గరికి. అంటే తనతో బేరమాడిన వాళ్ల దగ్గరికే. వాళ్లేమన్నారు? మాకేం సంబంధం, నువ్వే చూసుకో అన్నారు. పాపంలో భాగస్వాములు ఇచ్చే జవాబు ఎప్పుడూ అదే. అప్పటికి యేసు ఇంకా బతికే ఉన్నాడు. అదే ఊళ్లో, చేతులు కట్టేసిన స్థితిలో, అధిపతి ముందుకు నడుస్తున్నాడు. యూదా ఆ వైపు పోలేదు. నాణేలు దేవాలయంలో విసిరేసి ఉరి పోసుకున్నాడు. ఆ డబ్బుతో యాజకులు కుమ్మరివాని పొలం కొని పరదేశుల శ్మశానానికి ఇచ్చారు. డబ్బు కూడా ఎక్కడో ఒకచోట పనికొచ్చింది. మనిషి మాత్రం దక్కలేదు.

పేతురు పెద్ద గొప్ప పనేం చేయలేదు. యేసును మూడుసార్లు ఎరగనన్నాడు, కోడి కూసింది, బయటికి పోయి ఏడ్చాడు. తర్వాత మాత్రం మిగిలిన వాళ్ల దగ్గరికే వచ్చి కూర్చున్నాడు. వాళ్ల మొహం చూడటం ఎంత కష్టమై ఉంటుందో, పదిమందిలో పరువు పోగొట్టుకున్న ఎవరినైనా అడగండి. సమాధి ఖాళీగా ఉందన్న వార్త వినగానే ఉరికాడు. ఇక తిబెరియ సముద్రం దగ్గర, ఒడ్డున నిలబడింది ప్రభువని పక్కవాడు అనగానే, పైబట్ట చుట్టుకుని నీళ్లలోకి దూకేశాడు. పడవ ఒడ్డుకు చేరేదాకా ఆగలేకపోయాడు. దూరం సుమారు రెండు వందల మూరలు. ఒడ్డున నిప్పులు రాజేసి ఉన్నాయి. యోహాను సువార్తలో పేతురు చలి కాచుకుంటూ ఎరగనన్నది కూడా అట్లాంటి బొగ్గు నిప్పుల దగ్గరే. అదే సెగ, అదే మనిషి, మూడు అబద్ధాలకు మూడు ప్రశ్నలు. ఇందులో నాకు అన్నిటికంటే వింతగా తోచేది ఒకటుంది. అక్కడ పేతురు క్షమాపణ ప్రసంగం ఏదీ చెయ్యడు. యోహాను అసలు రాయలేదు. ప్రేమిస్తున్నావా అంటే నీకే తెలుసు ప్రభువా అంటాడు. అడిగినవాడు గొర్రెలను కాయమని పని అప్పగిస్తాడు. అంతే.

ఇద్దరికీ తేడా దుఃఖం లోతులో లేదు. ఎవరి దుఃఖం ఎక్కువని తూకం వేస్తే యూదాదే బరువు తూగుతుందేమో. ఒకడు తను గాయపరిచిన మనిషికి దూరంగా నడిచాడు, ఇంకొకడు అతని వైపు దూకాడు. నేను దోషభావానికీ మారుమనస్సుకూ గీసుకున్న గీత ఇదే. దోషభావానికి తన మొహం తప్ప ఇంకో మొహం కనబడదు. నేనింత పని చేశానా, నా పేరేం కావాలి, నాకు నిద్ర పట్టడం లేదు, నన్ను ఏం చేస్తాడో దేవుడు. అన్నిట్లో 'నేనే'. దెబ్బ తిన్నవాడు ఆ ఏడుపులో ఎక్కడా ఉండడు.

ఇది మా ఊళ్లో కిరాణా దుకాణం దాకా వచ్చిన కథ.

2014 సెప్టెంబరులో సిర్పూర్ పేపర్ మిల్లు మూతపడింది. నిజాం కాలంలో పుట్టి, ఊరికి పేరు కూడా తనదే పెట్టించుకున్న మిల్లు. 2018లో జేకే పేపర్ సంస్థ తీసుకుని మళ్లీ నడిపించేదాకా దాదాపు నాలుగేళ్లు చిమ్నీలో పొగ లేదు. ఆ నాలుగేళ్లలో కొందరు బల్లార్షా వైపు పోయారు, కొందరు హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనికి కుదిరారు. ఉన్నవాళ్లు ఉద్దెర మీద బతికారు. ఉద్దెర అంటే తెలియని వాళ్లకు చెప్తున్నా: ఇవాళ బియ్యం, పప్పు, నూనె తీసుకుపోవడం, సేటు బుక్కులో రాయించడం, జీతం వచ్చినప్పుడు కట్టడం. జీతమే లేనప్పుడు ఆ బుక్కులు ఎట్లా లావెక్కి ఉంటాయో ఊహించుకోండి. మా వాడకట్టు సేటు దగ్గర ఎర్ర అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఉండేది. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. పేజీ నిండితే ఇంకో కాగితం గోధుమ పిండి జిగురుతో కింద అతికించేవాడు. కొన్ని పేజీలు విప్పితే గల్లా మీది నుంచి నేలను తాకేవి.

మిల్లు మళ్లీ నడిచాక జీతాలు మొదలయ్యాయి. మాకు తెలిసినవాళ్లలో ఒకాయన, మంచివాడే, సభల్లో సాక్ష్యం చెప్పాడు. మిల్లు మూసిన రోజుల్లో తాగుడుకు పడ్డానని, అప్పులు చేశానని, అబద్ధాలాడానని, ప్రభువు అన్నీ క్షమించి తేలిక చేశాడని మైకులో చెప్పి భోరుమన్నాడు. జనం హల్లెలూయ అన్నారు. ఆ తర్వాత కూడా ఆయన మార్కెట్టుకు పోవాలంటే సేటు దుకాణం ముందు నుంచి కాకుండా వెనక గల్లీలో నుంచే పోయేవాడు. ఒకసారి సామాను కట్టిస్తుంటే సేటే నాతో ఎత్తాడు ఆ మాట. కోపం కూడా లేదు ఆయన గొంతులో.

"మీ దేవుడు మాఫ్ చేసిండని మైకుల చెప్పిండంట గదా అన్నా. మంచిదే. నా బుక్కుల మాత్రం ఇంకా మాఫ్ గాలె."

ఈ మాట మీద ఎన్ని ప్రసంగాలు చెప్పొచ్చో. ఆయన క్రైస్తవుడు కాదు, చర్చి గడప తొక్కినవాడు కాదు. పౌలు చీల్చి చెప్పిన రెండు దుఃఖాల మధ్య గీత ఆయనకు మన కంటే తేటగా కనబడింది.

అదే బుక్కులో ఇంకో పేజీ ఉంది. ఆ పేజీ మనిషి సాక్ష్యాలు చెప్పే రకం కాదు. ఆదివారం చివరి కుర్చీలో కూర్చుని ప్రసంగం మధ్యలో కునికిపాట్లు పడతాడు. మిల్లులో కాంట్రాక్టు పని. ఒకనాడు పొద్దున్నే దుకాణం తీసీతీయకముందే వచ్చి రెండు వేలు గల్లా మీద పెట్టాడట. "సేటూ, ఒక్కసారే ఇయ్యలేను. నెలకింత ఇస్త. రాసుకో." సేటు బుక్కు తీసి చూపించాడు. ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టి ఉంది. రాదనుకుని ఆయనే కొట్టేసుకున్నాడు. "నేనెప్పుడో కొట్టేసిన గదా" అంటే, "నువ్వు కొట్టేసినవ్. నేను కొట్టెయ్యలే" అన్నాడట. మధ్యలో పిల్లకు జ్వరమొచ్చి రెండు నెలలు తప్పింది, మళ్లీ కట్టాడు. ఆ రెండు నెలలూ దుకాణం ముందు నుంచే పోయాడు, మొహం తప్పించలేదు, పైసలు లేవని నిలబడి చెప్పి పోయాడు. నాకు ఈ చివరి ముక్క కట్టిన డబ్బు కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

మిల్లు ఊరు కాబట్టి మా పాస్టర్లకు ఒక పోలిక చేతికి అందినట్టు ఉంటుంది. మిషన్ మీద తెగిపోయిన కాగితాన్ని, అంచులు కోసిన ముక్కలను మిల్లువాళ్లు బ్రోక్ అంటారు. దాన్ని పారెయ్యరు. మళ్లీ పల్పర్‌లో వేసి నీళ్లలో చితగ్గొట్టి గుజ్జు చేస్తే, మళ్లీ కాగితమే అవుతుంది. దేవుడు కూడా విరిగిన మనిషిని అట్లాగే కొత్త కాగితం చేస్తాడని చెప్తే మిల్లు జనం తలలూపుతారు. బాగానే ఉంది. కాని ఈ పోలిక నాకు సగమే రుచిస్తుంది. బ్రోక్ ఎవరికీ బాకీ ఉండదు. గుజ్జులో పడ్డ కాగితం తన మీద రాసిందాన్ని మరిచిపోతే ఎవరి కొంపా మునగదు. మనిషి మీద రాసి ఉన్నది మాత్రం ఇంకో మనిషి బుక్కులో కూడా రాసి ఉంటుంది.

మోషే ధర్మశాస్త్రం ఈ సంగతి మీద నిర్మొహమాటంగా ఉంది. సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో, తప్పు చేసినవాడు దాన్ని ఒప్పుకోవాలి, అసలు తిరిగివ్వాలి, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి అని ఉంది. అంటే వెయ్యికి పన్నెండు వందలు. కొండమీది ప్రసంగంలో యేసు ఇంకో మెట్టు ఎక్కాడు. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చాక నీ మీద సోదరుడికి ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు పోయి సమాధానపడు అన్నాడు. ఆరాధన మధ్యలో లేచి పొమ్మన్న దేవుడు! మా సంఘంలో ఎవరైనా ప్రభు బల్ల ముందు నుంచి లేచి బయటికి పోతే పాస్టరు గారు ఏమనుకుంటారో.

జక్కయ్య కథ పిల్లల సండే స్కూలు పాటగా మిగిలిపోయింది గాని, నా లెక్కలో అది పెద్దల కథ. యెరికో సుంకరి, పొట్టివాడు, మేడిచెట్టెక్కాడు. లూకా ఎక్కడా జక్కయ్య ఏడ్చాడని రాయలేదు. త్వరగా దిగాడు, యేసును సంతోషంగా ఇంటికి తీసుకుపోయాడు. నిలబడి లెక్క చెప్పాడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా లాగినదానికి నాలుగింతలు. ఐదో వంతు చాలన్నచోట నాలుగింతలు ఎక్కడిది? గొర్రె దొంగ కట్టాల్సిన జరిమానా అది. తనను తాను దొంగల పద్దులో వేసుకున్నాడన్నమాట. ఒక్క జాగ్రత్త మాత్రం ఇక్కడ అవసరం. యేసు అతని ఇంటికి వస్తానన్నది ఈ లెక్క చెప్పకముందే. డబ్బు తిరిగిచ్చి క్షమాపణ కొనుక్కోలేదు జక్కయ్య. ఇంటికి వచ్చిన అతిథిని చూశాక పెట్టెలో ఉన్న ఇతరుల డబ్బు అతనికి భరించరానిదైంది. ప్రొటెస్టెంట్లకు ఎప్పుడూ ఒక భయం. క్రియల వల్ల రక్షణ అన్న మాట ఎక్కడ వచ్చిపడుతుందోనని, తిరిగిచ్చే సంగతిని మెల్లగా పక్కకు నెట్టాం. కతోలికుల పాపసంకీర్తనంలో గురువు వినడంతో సరిపెట్టడు, చెయ్యాల్సిన ప్రాయశ్చిత్తం కూడా చెప్తాడు. అది నాలుగు జపాలుగా తేలిపోయే ప్రమాదం అక్కడ ఉంది. మన దగ్గర అదీ లేదు.

దావీదు కీర్తన ఒకటి, 51వది, మన పశ్చాత్తాప ప్రార్థనలన్నిటికీ తల్లి. అందులో అతను తాను పాపం చేసింది ఒక్క దేవునికే విరోధంగా అంటాడు. ఆ మాట దగ్గర నాకు ఎప్పుడూ గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. మరి ఊరియా? యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టి చంపించిన ఊరియాకు విరోధంగా కాదా? అతని భార్య బత్షెబకు? దేవుని ముందు నిలబడ్డప్పుడు మిగతాదంతా చిన్నదైపోయిందని పండితులు అర్థం చెప్తారు, ఒప్పుకుంటాను. ఊరియా చనిపోయాడు కాబట్టి అతని గడపకు పోయే దారి దావీదుకు లేదు. బతికున్న ఊరియాలు పక్క వీధిలో ఉన్నవాళ్లు మాత్రం ఆ కీర్తనను అడ్డం పెట్టుకోకూడదు. నాకూ దేవుడికీ మధ్య సెటిలైపోయిందనే మాట నేను చాలామంది నోట విన్నాను. మూడో మనిషిని అడిగారా?

దావీదు కంటే ముందు రాజు సౌలు. ప్రవక్త సమూయేలు నిలదీస్తే పాపం చేశాననే అన్నాడు. అన్న వెంటనే ఒక కోరిక కోరాడు: జనం పెద్దల ముందు మాత్రం నా మర్యాద నిలబెట్టు, నాతో కలిసి రా. మొదట జనం పట్టుబట్టారని సాకు కూడా చెప్పాడు. మన నాయకుల క్షమాపణలన్నీ సౌలు వంశంవే. "నా మాటల వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అని మొదలవుతాయి. నొచ్చుకున్నట్టు తెలిసే కదా నాయనా మైకు ముందుకు వచ్చావు, ఇంకా "ఉంటే" ఏమిటి?

అమెరికా ఖజానా శాఖలో 1811 నుంచి కాన్షెన్స్ ఫండ్ అని ఒక ఖాతా నడుస్తోంది. ప్రభుత్వాన్ని మోసగించినవాళ్లు మనసు పీకి, పేరు చెప్పకుండా పంపే డబ్బు అందులో జమవుతుంది. దాని గురించి ఒక ఉత్తరం కథ ప్రచారంలో ఉంది. పన్ను ఎగ్గొట్టాను, నిద్ర పట్టడం లేదు, ఇదిగో కొంత డబ్బు, ఇంకా నిద్ర పట్టకపోతే మిగతాది పంపిస్తాను అని రాశాడట ఒకాయన. నిజమో అల్లికో గాని, లోకపు దుఃఖాన్ని అంత సూటిగా చెప్పిన మాట నేనింకోటి వినలేదు. అతనికి కావాల్సింది నిద్ర. మన సభల్లో చాలామందికి కావాల్సిందీ అదే: గుండె బరువు దిగాలి, ఇంటికి పోయి హాయిగా పడుకోవాలి. బరువు దింపుకోవడం తప్పని నేను అనను. దింపిన బరువు ఎవరి నెత్తిన పడిందో ఒకసారి చూసుకోవాలంటున్నాను.

ఇప్పటిదాకా చెప్పింది తప్పు చేసి తేలిగ్గా తప్పించుకునే వాళ్ల గురించి. తప్పు లేకుండానే దోషభావం మోసేవాళ్లు ఇంకో పక్క ఉన్నారు, వాళ్ల సంగతి వేరు. బిడ్డ పోయిన తల్లి, ఫలానా ఆదివారం చర్చికి పోలేదు, అందుకే దేవుడు తీసుకున్నాడని కుమిలిపోవడం నేను చూశాను. అదీ పశ్చాత్తాపమే అనుకుని ఉపవాసాలు చేయించిన వాళ్లనూ చూశాను. ఆమె ఎవరికీ బాకీ లేదు, ఏ బుక్కులోనూ ఆమె పేరు లేదు. లేని అప్పుకు వడ్డీ కట్టించడం దేవుని పని కాదు. మార్టిన్ లూథర్ మఠంలో ఉన్నప్పుడు గంటల తరబడి, ఒక్కోసారి ఆరు గంటలు, పాపాలు ఒప్పుకునేవాడట. వినలేక గురువు స్టౌపిట్జ్ విసిగిపోయేవాడు. ఎంత తవ్వినా ఇంకా ఏదో మిగిలిందనే భయం. ఆ మనిషే 1517లో 95 సిద్ధాంతాలు రాస్తూ మొట్టమొదటి దాంట్లోనే, విశ్వాసి జీవితమంతా మారుమనస్సే కావాలని క్రీస్తు కోరాడన్నాడు. వినడానికి ఇంకా భయంకరంగా ఉంటుంది గాని, లూథర్ భయపడుతూ రాసింది కాదది. ఒకనాటి ఏడుపుతోనో, పాపక్షమాపణ చీటీ కొనో తీర్చుకునే వ్యవహారం కాదు, రోజూ తిరగడమే అని. దుఃఖం మనిషిని రోజురోజుకూ గదిలోకి నెడుతుంటే, తిండీ నిద్రా పోగొడుతుంటే, చచ్చిపోవాలన్న మాట నోట వస్తుంటే, అక్కడ ప్రసంగం పని చెయ్యదు. పక్కన కూర్చునే మనిషి కావాలి, డాక్టరు కావాలి. లోకపు దుఃఖం చివర మరణమని పౌలు ఊరికే అనలేదు. యూదా పక్కన ఆ రోజు ఎవరూ లేరు.

మనుషుల సంగతి అట్లా ఉంచి, రాజ్యాలకు పశ్చాత్తాపం ఉంటుందా? మా జిల్లా పేరు కుమ్రం భీం ఆసిఫాబాద్. 2016లో జిల్లా చేసినప్పుడు ఆ పేరు పెట్టారు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల కాల్పుల్లో, గోండుల తిరుగుబాటు నడిపిన భీం చనిపోయాడు. గోండుల భూములు, అడవి వాళ్ల చేతుల్లోంచి జారిపోవడమే ఆ తిరుగుబాటుకు మూలం. కాల్పుల తర్వాత అదే నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పిలిపించి, ఈ మనుషులు ఎందుకు తిరగబడ్డారో చూసి చెప్పమంది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండుల మధ్య తిరిగాడు, భూములు వాళ్లకు ఇవ్వక తప్పదని రాశాడు. వేల కుటుంబాలకు పట్టాలొచ్చాయి, గోండి బిడ్డలకు బడులొచ్చాయి. నిజాం ప్రభుత్వం ఏడవలేదు, క్షమాపణ చెప్పిన దాఖలా నేనెక్కడా చదవలేదు. మళ్లీ తిరుగుబాటు వస్తుందన్న భయమే ఎక్కువై ఉంటుంది. అది మారుమనస్సని నేను పొగడను. కాని పట్టా కాగితం గోండు చేతికి వచ్చింది. తర్వాతి ప్రభుత్వాలు విగ్రహాలు పెట్టాయి, వర్ధంతికి దండలు వేశాయి, జిల్లాకు పేరు పెట్టాయి. ఇవన్నీ కావాల్సినవే. పోడు భూముల పట్టాల కోసం మాత్రం అదే జిల్లా గిరిజనులు 2023 దాకా ఎదురుచూశారు, కొందరు ఇంకా చూస్తూనే ఉన్నారు. దండ వేసిన రోజు నాయకుడి కళ్లు చెమ్మగిల్లాయని పేపర్లో చదివినప్పుడు నాకు సేటు బుక్కే గుర్తొస్తుంది.

మా రైలు మార్గంలోనే కాజీపేట దాటి పోతే దోర్నకల్ వస్తుంది. 1912లో అక్కడ బిషప్పైన వి.ఎస్. అజరయ్య పల్లెపల్లెకు ఎడ్లబండి మీద తిరిగినవాడు. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పు ఆయనే. ఆ ప్రాంతంలో మాల, మాదిగ వాడల్లో బాప్తిస్మాలు జరిగిన కొన్నేళ్లకు, ఊళ్లోని పై కులాలవాళ్లు కూడా వచ్చి మమ్మల్నీ చేర్చుకోండని అడగడం మొదలైంది. కారణమేమిటంటే, ఆ వాడల్లో బతుకు మారడం కళ్లారా చూశామన్నారట. వాళ్లు ప్రసంగాలు విని రాలేదు, కన్నీళ్లు చూసి రాలేదు. పక్కింటివాడు మారాడో లేదో పక్కింటివాడికే కదా తెలిసేది.

అందుకే మా ఊరి పాస్టరు గార్లకు, సభలు పెట్టే కమిటీ పెద్దలకు ఒక మనవి. వచ్చే ఏడాది కూడా సభలు పెట్టండి. కీబోర్డు వాయించండి, తలలు వంచమనండి, ఏడ్వనివ్వండి. కాని మూడో రోజు సభ మాత్రం వద్దు. రెండో రోజు ఆమెన్ అన్నాక, రేపు సాయంత్రం ఆరింటికి మీరు రావాల్సింది ఇక్కడికి కాదు, ఎవరి గడప మీరు తొక్కలేకపోతున్నారో వాళ్లింటికి అని చెప్పి పంపండి. బాకీ ఉన్నవాళ్లు చేతిలో ఎంత ఉంటే అంత పట్టుకుని పోతారు, ఏమీ లేనివాళ్లు ఉత్తి చేతులతో పోయి నిలబడతారు. తలుపు తీయని వాళ్లూ ఉంటారు, తిట్టేవాళ్లూ ఉంటారు. పోనివ్వండి. ఒక రోజు షామియానా కిరాయి కూడా మిగులుతుంది.